కుళాయి నీళ్ళతో బీరు: మార్చిలో బాగుంది, మేలో డెటాల్ వాసన. కారణం ఏమై ఉంటుంది?

కొత్తకుండ (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇంట్లో బీరు కాస్తున్నాను. కిట్లతో మొదలుపెట్టి జనవరి నుంచి పూర్తిగా మాల్ట్ గింజలతోనే (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చేస్తున్నాను. ఇప్పుడు ఒక సమస్య వచ్చి నిద్ర పట్టడం లేదు.

మార్చిలో రెండు బ్యాచ్‌లు చేశాను. ఒకటి ఆంబర్, ఒకటి పేల్ ఏల్. రెండూ చక్కగా వచ్చాయి. అదే పద్ధతిలో ఏప్రిల్ చివర ఒకటి, మేలో రెండు చేశాను. మూడూ పోయాయి. సీసా మూత తీయగానే ముక్కుకు తగిలేది డెటాల్ వాసన. తాగితే నాలుక వెనక బ్యాండ్ ఎయిడ్ నమిలినట్టు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొంచెం తక్కువ, గ్లాసు వేడెక్కేకొద్దీ ఎక్కువ.

నీళ్ళు కుళాయివే. క్లోరిన్ సంగతి తెలుసు కాబట్టి ముందురోజు సాయంత్రం బ్యాచ్‌కు కావాల్సిన 8 గ్యాలన్లు పెద్ద గిన్నెలో నింపి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలేస్తాను. మార్చిలోనూ అలాగే చేశాను, మేలోనూ అలాగే చేశాను. అందుకే నీళ్ళ తప్పు కాదేమో, ఈస్ట్ పాడైందేమో అనుకుంటున్నాను. మూడు బ్యాచ్‌లంటే 15 గ్యాలన్లు. మొత్తం సింకులో పారబోశాను. ఎవరికైనా ఇలా జరిగిందా?

నల్లానీళ్ళు (హైదరాబాద్)

అన్నా, ముందు ఒకటి చెప్పు. బకెట్లు, సీసాలు దేంతో కడుగుతున్నావు? బ్లీచ్ వాడుతున్నావా? నేను ఇక్కడ ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తాను. ఈ వాసన వస్తే మేం మొదట అడిగేది అదే. బ్లీచ్ సరిగ్గా కడగకపోతే అచ్చం ఇదే వాసన వస్తుంది.

కొత్తకుండ

లేదు తమ్ముడూ. సామాను మీద క్రిములు చంపే స్టార్ శాన్ ద్రావణం మాత్రమే. ఇంట్లో బ్లీచ్ ఉంది కానీ అది బాత్రూమ్ కోసం, బీరు సామాను దగ్గరికి రానివ్వను.

హాప్స్‌తోట (పోర్ట్‌లాండ్, ఒరెగాన్)

ఈస్ట్ ఏది? పులియబెట్టేటప్పుడు వేడి ఎంత ఉంది? బయటి ఈస్ట్ చేరితే కూడా ఆసుపత్రి మందుల వాసన వస్తుంది. కాకపోతే దాంట్లో తేడా ఉంటుంది. లవంగం వాసన, పొగ వాసన లాంటివి వస్తే ఈస్ట్ మీద అనుమానం. పైగా అలాంటి బీరు సీసాలో ఉన్నకొద్దీ పలచబడుతుంది, గ్యాస్ ఎక్కువవుతుంది. మూత తీస్తే పొంగిందా?

కొత్తకుండ

మామూలు అమెరికన్ ఏల్ ఈస్ట్, పొడిది. కొత్త ప్యాకెట్లే. 66, 67 ఫారెన్‌హీట్. పొంగలేదు. లవంగం కాదన్నా, పక్కా డెటాలే.

ల్యాబక్క (కొలంబస్, ఒహాయో)

మీరు డెటాల్ అన్నారు కాబట్టి చెబుతున్నాను. డెటాల్‌లో పనిచేసే మందు పేరు క్లోరోజైలినాల్. అంటే ఫినాల్‌కు క్లోరిన్ అతుక్కున్న పదార్థం. మీ బీరులో ఉన్నవి క్లోరోఫినాల్స్, అదీ అదే కుటుంబం. మాల్ట్ పొట్టు నుంచి, చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల నుంచి ఫినాల్స్ ఎలాగూ వస్తాయి. నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉంటే వాటికి అతుక్కుంటుంది. బీరులో వందకోట్ల భాగాలకు కొన్ని భాగాలున్నా మన ముక్కు పట్టేస్తుంది. మీ ముక్కు సరిగ్గానే చెప్పింది.

నేను తాగునీటి ల్యాబ్‌లో పనిచేస్తాను, నాకిది రోజూ ఉండే పని. ఇక మార్చి సంగతి. మీరుండే నార్త్ టెక్సాస్ వైపు మామూలు రోజుల్లో నీళ్ళలో క్లోరిన్ ఒక్కటే వేయరు, దానికి అమ్మోనియా కలిపి క్లోరమైన్ చేస్తారు. పైపుల్లో ఎక్కువ దూరం నిలవడానికి అలా చేస్తారు. ఏటా వసంతంలో, సాధారణంగా మార్చిలో, కొన్ని వారాలు అమ్మోనియా ఆపేసి వట్టి క్లోరిన్ ఇస్తారు. పైపుల లోపలి శుభ్రత కోసం. మార్చిలో మీ కుళాయి దగ్గర స్విమ్మింగ్ పూల్ వాసన ఎక్కువగా వచ్చిందా, గుర్తు చేసుకోండి.

వట్టి క్లోరిన్ అయితే మీ పద్ధతి పనిచేస్తుంది. రాత్రి కొంత ఎగిరిపోతుంది, పొద్దున నీళ్ళు వేడి చేసేటప్పుడు మిగతాది పోతుంది. క్లోరమైన్ అలా కాదు. ఒక రాత్రి వదిలేస్తే దాదాపు ఉన్నదంతా అలాగే ఉంటుంది, మరిగించినా త్వరగా పోదు. మీ పద్ధతి మారలేదు, నీళ్ళు మారాయి.

కొత్తకుండ

అక్కా! మార్చిలో షవర్ కింద నిలబడితే కళ్ళు మండాయి. మా ఆవిడ కూడా అంది. ఏప్రిల్ వచ్చేసరికి వాసన తగ్గింది, హమ్మయ్య నీళ్ళు బాగుపడ్డాయి అనుకున్నాను. వాసన తగ్గాకే నా బీరు పాడైంది!

ల్యాబక్క

అవును, క్లోరమైన్ వాసన తక్కువ. అందుకే చాలామంది మోసపోతారు. పరిష్కారం చాలా చవక. క్యాంప్‌డెన్ బిళ్ళలు కొనండి, వైన్ చేసేవాళ్ళు వాడేవే. పొటాషియం మెటాబైసల్ఫైట్ అయినా, సోడియంది అయినా పర్వాలేదు. ఒక బిళ్ళ 20 గ్యాలన్లకు సరిపోతుంది, అంటే సుమారు 75 లీటర్లు. మీరు వాడే 8 గ్యాలన్లకు సగం బిళ్ళ ఎక్కువే, అయినా పర్వాలేదు. రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి పొడి చేసి, చల్లని నీళ్ళలో వేసి గరిటెతో బాగా కలపండి. కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. మాల్ట్ వేయకముందే వేయాలి, అది ముఖ్యం. మాల్ట్ కడగడానికి పక్కన పెట్టుకునే నీళ్ళలో కూడా వేయాలి. మాష్ నీళ్ళకు, అంటే మాల్ట్ నానబెట్టే వేడినీళ్ళకు మాత్రం వేసి రెండో గిన్నె మరిచిపోయినవాళ్ళను చూశాను.

సల్ఫైట్ మిగిలిపోతుందేమో అని భయం వద్దు. క్లోరమైన్‌ను విడగొట్టడంలో అది సల్ఫేట్‌గా మారిపోతుంది. ఆ కాస్త అమ్మోనియా ఈస్ట్ తినేస్తుంది.

ఇప్పుడే చేయగలిగే పరీక్ష ఒకటి ఉంది. రెండు గ్లాసుల్లో కుళాయి నీళ్ళు పట్టండి. ఒకదాంట్లో చిటికెడు బిళ్ళపొడి వేసి కలపండి. రెండింటినీ అరచేత్తో మూసి బాగా ఊపి, చెయ్యి తీసి వెంటనే వాసన చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

మొదటిబ్యాచ్ (న్యూజెర్సీ)

నేను వచ్చే వారం మొదటిసారి చేయబోతున్నాను, మాల్ట్ సిరప్ కిట్‌తో. ఇదంతా చదివి టెన్షన్ వచ్చింది. నాకు కూడా బిళ్ళ కావాలా? ఫ్రిజ్ జగ్గులో ఉండే ఫిల్టర్‌తో వడకడితే చాలదా?

హాప్స్‌తోట

టెన్షన్ పడకు తమ్ముడూ. బిళ్ళ నీకూ కావాలి, పావు ముక్క చాలు. జగ్గు ఫిల్టర్ వట్టి క్లోరిన్‌ను తగ్గిస్తుంది. క్లోరమైన్ కోసమైతే కార్బన్‌తో నీళ్ళు చాలాసేపు తగులుతూ ఉండాలి, జగ్గులో అంత సమయం ఉండదు. సింకు కింద పెట్టే పెద్ద కార్బన్ ఫిల్టర్ ఉన్నా ధార సన్నగా వదలాలి.

సిరప్‌తో ఒక లాభం ఉంది. సిరప్ తయారుచేసినవాళ్ళు వాళ్ళ నీళ్ళతో మాష్ చేసి, ఆ నీళ్ళను ఇగిర్చి అమ్ముతున్నారు. వాళ్ళ నీళ్ళలోని లవణాలన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. కాబట్టి క్లోరిన్ ఒక్కటి తీసేస్తే చాలు, కాల్షియం, సల్ఫేట్ అంటూ ఎవరేం చెప్పినా ఇప్పుడు పట్టించుకోకు.

వేడినీళ్ళ కుళాయి నుంచి మాత్రం పట్టకు. తొందరగా మరుగుతాయని కొందరు పడతారు. హీటర్ నుంచి, పైపుల నుంచి లోహాలు వేడినీళ్ళలో ఎక్కువగా దిగుతాయి.

డెర్బీబాబాయ్ (డెర్బీ, ఇంగ్లండ్)

మంచి చర్చ. క్లోరిన్ సంగతి తేలింది కాబట్టి దాని తర్వాత మెట్టు గురించి చెబుతాను, ఎందుకంటే కొత్తకుండ ఇప్పుడు గింజలతో చేస్తున్నాడు.

మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. ఊరికి రెండు బావులు. ఒకటి మంచినీళ్ళది, ఒకటి ఉప్పునీళ్ళది. ఉప్పునీళ్ళ బావి పెరటికి దగ్గర, మంచినీళ్ళ బావి అర మైలు. అయినా పప్పు వండే రోజు మా అమ్మ ఆ అర మైలు నడిచి బిందె తెచ్చేది. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎంత మరిగినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, మెదగదు. నీళ్ళలో ఏముందన్నది వంటను మారుస్తుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ లెక్కకు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న అంకె ఒక్కటే వాళ్ళ దగ్గర లేదు.

నేనుండే చోటికి బర్టన్ అపాన్ ట్రెంట్ దగ్గరే. పేల్ ఏల్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన ఊరు. అక్కడి బ్రూవరీలు వాడింది బావి నీళ్ళు, జిప్సం (కాల్షియం సల్ఫేట్) పొరల గుండా వచ్చినవి. సల్ఫేట్ లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటేది. ఆ సల్ఫేట్ వల్ల హాప్స్ చేదు పొడిగా, కొట్టినట్టుగా తెలుస్తుంది. వేరే ఊళ్ళ వాళ్ళు తమ నీళ్ళలో జిప్సం కలిపి అలాంటి బీరు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పనికి బర్టనైజేషన్ అన్న పేరే స్థిరపడింది.

దీనికి సరిగ్గా ఎదురు పిల్సెన్. 1842 లో యోసెఫ్ గ్రోల్ అక్కడ ఆ బంగారు రంగు లాగర్ చేశాడు. ఆ నీళ్ళలో లవణాలు దాదాపు లేవు. డబ్లిన్ నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ, అక్కడ నల్లటి స్టౌట్ నిలబడింది. ఏ ఊరి నీళ్ళకు ఆ ఊరి బీరు.

గోధుమగింజ (మ్యూనిక్)

బాబాయ్ గారు చెప్పినదానికి నా వంటింటి నుంచి ఒక మాట. మాకు కుళాయిలో క్లోరిన్ వాసన ఉండదు, ఇక్కడ నీళ్ళకు మామూలుగా క్లోరిన్ కలపరు. అందుకని మొదట్లో చాలా ధీమాగా ఉండేవాణ్ణి. లేతరంగు బీరు చేస్తే చేదు గరగరగా, నోరు పిడచకట్టినట్టు వచ్చేది. కారణం కెటిల్ అడుగునే ఉంది. రెండు వారాలు కడక్కపోతే తెల్లటి సున్నం పొర కడుతుంది, గోరుతో గీస్తే పెళుసుగా ఊడి వస్తుంది. నీళ్ళలో బైకార్బొనేట్ అంత ఎక్కువ. మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. బైకార్బొనేట్ దాన్ని పైకి లాగుతుంది. పైకి పోతే పొట్టులోని వగరు దిగుతుంది.

నల్లగా వేయించిన మాల్ట్‌కు పులుపు స్వభావం ఉంటుంది, అది ఆ బైకార్బొనేట్‌ను అణచేస్తుంది. మ్యూనిక్‌లో ముదురు డుంకెల్ ఎప్పటినుంచో ఉండి, లేతరంగు హెల్లెస్ 1894 లో గానీ రాలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, నీళ్ళు ముందురోజు మరిగించి చల్లారనిస్తాను. సున్నం అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను మాత్రం నెమ్మదిగా వంచుకుంటాను, అమ్మ చింతపండు పులుసు తేర్చినట్టు. బైకార్బొనేట్ చాలా తగ్గుతుంది.

నల్లానీళ్ళు

మా దగ్గర ఆ ఓపిక చేసే టైమ్ లేదన్నా. ఒక రోజు నల్లా, ఇంకో రోజు ట్యాంకర్, ఎండాకాలంలో బోరు. పొద్దున వచ్చిన నీళ్ళు సాయంత్రం ఉండవు. అందుకే మేం అంతా ఆర్వో చేసి, ఏ బీరుకు కావాల్సిన లవణాలు ఆ బీరుకు తూకం వేసి కలుపుతాం. నా మాట అడిగితే ఇంట్లో చేసేవాళ్ళు కూడా ఆర్వోతో మొదలుపెట్టాలి. గోలీలు, రిపోర్టులు, లెక్కలు, ఇంత తిప్పలు ఎందుకు?

ఇంకో మాట, మన రాష్ట్రాల నుంచి చదువుతున్నవాళ్ళకు. ఇక్కడ ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. లైసెన్స్ ఉన్న మైక్రోబ్రూవరీకే అనుమతి. అన్నలు అక్కడ చేస్తున్నారని ఇక్కడ బకెట్ పెట్టకండి.

మొదటిబ్యాచ్

మరి అమెరికాలో పర్మిషన్ ఏమైనా తీసుకోవాలా?

హాప్స్‌తోట

అక్కర్లేదు. 1978 లో చట్టం మారింది, 1979 ఫిబ్రవరి నుంచి అమలు. పెద్దవాళ్ళు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉన్న ఇంట్లో 200. అమ్మకూడదు. రాష్ట్రాల నియమాలు వేరే ఉంటాయి, మిసిసిపీ, అలబామాల్లో 2013 లోనే అనుమతి వచ్చింది.

ఆర్వో విషయంలో నేను నల్లానీళ్ళుతో ఒప్పుకోను. నీ నీళ్ళు పూటకోరకం కాబట్టి నీకు అది సరైనదే. కానీ మా పోర్ట్‌లాండ్ నీళ్ళు బుల్ రన్ నది నుంచి వస్తాయి, అసలే చాలా మెత్తనివి. క్లోరమైన్ తీసేస్తే నేరుగా పిల్స్‌నర్ చేయొచ్చు. అలాంటి నీళ్ళు కుళాయి తిప్పితే వస్తుంటే, సూపర్‌మార్కెట్ మెషీన్ దగ్గర 8 గ్యాలన్ల క్యాన్లు నింపి కారులో ఎక్కించి మోయడం నాకు మనసొప్పదు. పైగా వట్టి ఆర్వోతో లవణాలు వేయకుండా మాష్ చేస్తే ఈస్ట్‌కు, మాష్‌కు కావాల్సిన కాల్షియం తగ్గుతుంది. ముందు మన నీళ్ళేంటో తెలుసుకుని తర్వాత పారేయాలో ఉంచాలో చూద్దాం.

ల్యాబక్క

నేనూ ఆ పక్షమే. కొత్తకుండ గారూ, మీ ఊరి నీటి శాఖ ఏటా జులై 1 లోపు నాణ్యత నివేదిక ఇవ్వాలి, అది వెబ్‌సైట్‌లో ఉంటుంది. కానీ అది ఆరోగ్యం కోసం రాసేది. సీసం, నైట్రేట్, క్రిములు ఉంటాయి, మనకు కావాల్సిన కాల్షియం, సల్ఫేట్, ఆల్కలినిటీ (పులుపును అణచే గుణం, ఎక్కువగా బైకార్బొనేట్ వల్ల వచ్చేది) చాలాసార్లు ఉండవు. ఫోన్ చేసి అడిగితే చెబుతారు. లేదా నెబ్రాస్కాలోని వార్డ్ ల్యాబ్స్‌కు చిన్న సీసాలో పంపండి, బీరు చేసేవాళ్ళ కోసం ప్రత్యేక పరీక్ష చేస్తారు.

ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందా? ఉంటే దానికి ముందున్న కుళాయి నుంచి పట్టండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, బైకార్బొనేట్ జోలికి పోదు. అంటే మనకు కావాల్సింది పోయి అక్కర్లేనిది మిగులుతుంది.

కొత్తకుండ

సాఫ్ట్‌నర్ ఉంది అక్కా! పెరటి కుళాయి ఒక్కటే దానికి ముందు ఉంది. పైపు లేకుండా నేరుగా అక్కడే క్యాను నింపి పరీక్షకు పంపాను. బిళ్ళలు కూడా తెప్పించాను.

రెండు గ్లాసుల పరీక్ష చేశాను. మా ఆవిడకు ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను. ఒకటి వాసన చూసి "ఇది కుళాయి" అంది, రెండోది చూసి "ఇది వాన నీళ్ళా?" అంది. ఏడాది నుంచి ఆ మొదటి గ్లాసు నీళ్ళే తాగుతున్నాం, వాసన ఉందని ఎప్పుడూ అనిపించలేదు.

కొత్తకుండ (10 రోజుల తర్వాత)

రిపోర్టు వచ్చింది. కాల్షియం 52, మెగ్నీషియం 4, సల్ఫేట్ 22, ఆల్కలినిటీ 95. అన్నీ పీపీఎం, అంటే లీటరుకు మిల్లీగ్రాములు. సల్ఫేట్ ఇంత తక్కువా?

డెర్బీబాబాయ్

ఆ ల్యాబ్ సల్ఫేట్‌ను గంధకం లెక్కలో ఇస్తుంది. 3 తో గుణించు. నీది 66.

ఇప్పుడు మిగులు ఆల్కలినిటీ లెక్క. కోల్‌బాక్ అన్న జర్మన్ ఆయన చెప్పిన సూత్రం. ఆల్కలినిటీలోంచి, కాల్షియంను 1.4 తో, మెగ్నీషియంను 1.7 తో భాగించి వచ్చినవి తీసేయాలి. 95 లోంచి 37, 2 తీస్తే 56. ఆంబర్‌కు, బ్రౌన్‌కు ఈ నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే బాగుంటాయి. పేల్ ఏల్‌కు మాత్రం ఎక్కువ.

సగం కుళాయి, సగం ఆర్వో కలుపు. 8 గ్యాలన్లకు 4 గ్రాముల జిప్సం వెయ్యి. కాల్షియం 26 కు పడిపోయి జిప్సంతో 57 కు ఎక్కుతుంది. సల్ఫేట్ 33 అయి మళ్ళీ 107 అవుతుంది. మిగులు ఆల్కలినిటీ 6 దగ్గరకు వస్తుంది. అంతకు మించి ఏమీ వద్దు. బర్టన్ అంకెలు చూసి 600 సల్ఫేట్ దాకా పోకు, నేను ఒకసారి పోయి సున్నపురాయి నాకినట్టున్న బీరు ఐదు గ్యాలన్లు చేశాను.

నల్లానీళ్ళు

4 గ్యాలన్ల ఆర్వో అయితే మోయొచ్చు. దీనికి నేనూ ఒప్పుకుంటున్నాను. తూకానికి మాత్రం చెంచా వాడకన్నా. గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా కొనుక్కో.

కొత్తకుండ (6 వారాల తర్వాత)

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరంతా అంత వివరంగా చెప్పారు.

ముందు ఒక్కో గ్యాలన్‌తో రెండు చిన్న బ్యాచ్‌లు చేశాను. ఒకే మాల్ట్, ఒకే హాప్స్, ఒకే ఈస్ట్ ప్యాకెట్ సగం సగం. రెండూ పెరటి కుళాయి నీళ్ళే. ఒకదానికి బిళ్ళపొడి వేశాను, ఒకదానికి వేయలేదు. రెండు వారాలు పులిసింది, రెండు వారాలు సీసాలో ఉంది. ఆదివారం ఐదుగురు మిత్రులు వచ్చారు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెండిట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పమన్నాను. నలుగురు సరిగ్గా చెప్పారు. అందులో ఒకాయన గుంటూరులో కాంపౌండర్ కొడుకు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే "చిన్నప్పుడు మా నాన్న చొక్కా వాసన" అన్నాడు. బిళ్ళ వేయనిదే అది.

తర్వాత బాబాయ్ గారి లెక్కతో పేల్ ఏల్. సగం సగం నీళ్ళు, 4 గ్రాముల జిప్సం, ఆర్వో కలపకముందే కుళాయి నీళ్ళలో పావు బిళ్ళ. మాష్ మొదలై పదిహేను నిమిషాలకు చెంచాడు తీసి చల్లార్చి పీహెచ్ చూశాను, 5.4. నిన్న మొదటి సీసా తీశాను. చేదు నాలుక మీద పడి శుభ్రంగా వెళ్ళిపోయింది, వెనక ఏమీ మిగల్లేదు. మార్చి బ్యాచ్ కంటే బాగుంది.

మొదటిబ్యాచ్

నాది కూడా తాగేశాం. పావు బిళ్ళ వేశాను. ఏ వాసనా లేదు. ఇప్పుడు రెండోది బకెట్‌లో ఉంది.

గోధుమగింజ

శుభం. కొత్తకుండ అన్నా, ఆ నీళ్ళతోనే ఈ చలికాలం ఒక బ్రౌన్ ఏల్ చెయ్యి. ఆర్వో లేకుండా, బిళ్ళ ఒక్కటే వేసి. 56 మిగులు ఆల్కలినిటీ దానికి బాగా కుదురుతుంది.

కొత్తకుండ

తప్పకుండా. ఒక చివరి సందేహం అక్కా. మళ్ళీ మార్చిలో వట్టి క్లోరిన్ ఇస్తారు కదా. ఆ నెల బిళ్ళ మానేసి రాత్రంతా వదిలేస్తే చాలా?

ల్యాబక్క

మానేయకండి. ఎప్పుడు మారుస్తారో, మీ వీధి దాకా ఏ రోజుకు చేరుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. బిళ్ళకు క్లోరిన్ అయినా క్లోరమైన్ అయినా ఒకటే. పన్నెండు నెలలూ వేయండి. డబ్బా మూత గట్టిగా బిగించి తేమ తగలని చోట పెట్టండి, గాలి తగిలితే మందు బలం పోతుంది.

కొత్తకుండ

సరే అక్కా. డబ్బా మీద కాగితం అంటించాను: "8 గ్యాలన్లకు సగం. రెండు గిన్నెల్లోనూ."